వాద్యవృందమున హాస్యానుకృతి: లేపాక్షి శిలయు నిమ్మలకుంట తెఱయు

శాస్త్రీయసంగీతమున భక్తికిని శృంగారమునకును గరుణమునకును జోటు గలదు గాని హాస్యమునకుఁ జోటు లేదని సంగీతజ్ఞులలోఁ బెక్కుర యభిప్రాయము. పాటలోని మాట నవ్వించిన నవ్వింపవచ్చును. మాట లేని వాద్యము, అందును బలువాద్యములు గూడి మ్రోఁగు వృందము, నవ్వించు టెట్లు? నవ్వించినచో నది యపస్వరమో తాళభంగమో కావలయును గాని సంగీతము గాదని వారి వాదము. ఈ వాదమునకు సమాధానము గ్రంథములందుఁ గొంత యున్నది. హిందూపురము, పెనుగొండ, ధర్మవరము అను మూఁడు పట్టణముల సీమయందుఁ గొంత యున్నది. 2022వ సంవత్సరము వఱకు ననంతపురముజిల్లాలో నుండి యిప్పుడు శ్రీసత్యసాయిజిల్లాలోఁ జేరిన యీ సీమలో నొకచోట శిలయందును, నొకచోటఁ దోలుబొమ్మల తెఱవెనుకను, హాస్యము వాద్యవృందమునకు వెలిగాఁ గాక లోపలనే నిలిచి యున్నది.

ముందుగా శాస్త్రము. భరతముని నాట్యశాస్త్రమున ఆఱవ యధ్యాయమందు రసములఁ జెప్పుచు శృంగారమునుండి హాస్యము పుట్టుననియు, శృంగారమున కనుకృతియే హాస్యమనియు నిరూపించెను. ఈ మాట మిక్కిలి గమనింపఁదగినది. హాస్యమునకు వేఱు వస్తువు లేదు. ఉన్న వస్తువునకే యది యనుకృతి. దీనికిఁ దగినట్లుగానే స్వరములను రసములకుఁ బంచునపుడు వీరరౌద్రాద్భుతములకు షడ్జర్షభములను, గరుణమునకు గాంధారనిషాదములను, బీభత్సభయానకములకు ధైవతమును జెప్పి, హాస్యశృంగారములు రెంటికిని గలిపి మధ్యమపంచమములఁ జెప్పెను. నవ్వునకై ప్రత్యేకముగా నొక చెడుస్వరమును ముని యేర్పఱుపలేదు. నాయకుని ప్రణయమునకుఁ జెల్లిన మధ్యమపంచమములే విదూషకుని వెక్కిరింతకును జెల్లవలయును. మఱి భేద మెచ్చట నున్నది? వికృతియందు. వికృతవేషము, వికృతాలంకారము, వికృతవాక్యము మున్నగునవి హాస్యమునకు విభావములని ముని లెక్కించెను. వికృతి యనఁగా లేకపోవుట గాదు; ప్రకృతి యుండఁగా దానినుండి తొలఁగుట. ప్రకృతి తెలియనిచోట వికృతి యను మాటకే యర్థము లేదు.

వ్యాకరణమున నిట్టి విషయమే యొకటి గలదు. ఒక్కొక్క సాధుశబ్దమునకుఁ బెక్కపభ్రంశములు గలవని చెప్పుచుఁ బతంజలి మహాభాష్యము మొదటనే గోశబ్దము నుదాహరించి గావి, గోణి, గోత, గోపోతలిక యని దాని యపభ్రంశములఁ జూపెను. భర్తృహరి వాక్యపదీయమున నింకొక యడుగు ముందునకుఁ బోయెను. అపభ్రంశము నేరుగా నర్థమును దెలుపదు. వినువానికి సాధుశబ్దమును స్ఫురింపఁజేసి తన్మూలమున నర్థమును దెలుపునని యొక పక్షము నాయన చూపెను. మాటలు నేర్చుచున్న పసివాఁడు తప్పుగా నేదియో పలుకఁగా, తెలిసినవారు దాని వెనుక నున్న స్పష్టమైన మాటను నిశ్చయించుకొందురు గదా యని యందులకు దృష్టాంతము. హాస్యవాదనమున జరుగునది సరిగా నిదియే. వంకరగాఁ బలికిన స్వరము వినువాని మనస్సున సరియైన స్వరమును మేలుకొలుపును. రెండును నొక్కమాఱే వినఁబడును. ఒకటి చెవికి, రెండవది యెఱుకకు. ఆ రెంటి పొత్తు గుదురనందున నవ్వు పుట్టును. సాధుస్వరము తెలియనివానికి వినఁబడునది యొక్కటే గావున వానికి నవ్వు రాదు. లేదా యతఁడు ప్రతిదానికిని నవ్వును. ఈ రెండవ తెగవారు సభలలోఁ దక్కువ కారు.

13వ శతాబ్దిలో దేవగిరి యాదవుల యాస్థానమున నుండిన శార్ఙ్గదేవుఁడు సంగీతరత్నాకరమున గాయకులను శిక్షాకారుఁడు, అనుకారుఁడు, రసికుఁడు, రంజకుఁడు, భావకుఁడు అని యైదు విధములుగా విభజించెను. అనుకారుఁ డనఁగా నితరుల ఫణితి ననుకరించి పాడువాఁడు. అతఁడు గాయకుల లెక్కలో నున్నాఁడు గాని దోషుల లెక్కలో లేఁడు. దోషుల పట్టిక వేఱుగా నున్నది. అం దిరువదియైదుగురు గలరు. దానిఁ జదువుట యొక వినోదము. పండ్లు బిగఁబట్టి పాడువాఁడు సందష్టుఁడు. ఒంటెవలె మెడ నిక్కించువాఁడు కరభుఁడు. మేఁకవలె నోరు పెట్టువాఁడు ఉద్భటుఁడు. బుగ్గలను సొరకాయవలె నుబ్బించువాఁడు తుంబకి. నుదుటను మెడయందును నరములు పొంగునట్లు పాడువాఁడు ఝోంబకుఁడు. కాకివలెఁ గఱకుగొంతు వాఁడు కాకి. తాళము దప్పువాఁడు వితాలుఁడు. కన్నులు మూసికొని పాడువాఁడు నిమీలకుఁడు. ముక్కుతోఁ బాడువాఁడు సానునాసికుఁడు. శాస్త్రకారుఁ డిది విద్యార్థుల హెచ్చరికకై వ్రాసినను, చదువువానికిఁ దా నెఱిఁగిన విద్వాంసు లొకరిద్దఱు కన్నులఁ గట్టక మానరు. హాస్యగాయకునకు మూలధన మీ పట్టికయే. దోషి యీ దోషములఁ దెలియక చేయును. అనుకారుఁడు తెలిసి, కొలిచి, వలసినచోట వలసినంతయే చేయును. తెలియక తాళము దప్పుట సులభము. మార్దంగికుఁడు వేచియుండఁగా సరిగా నరయక్షర మాలస్యముగా వచ్చి పడుటకుఁ దాళజ్ఞానము మిక్కుటముగాఁ గావలయును.

ఇఁక వృందము మాట. భరతుఁడు వాద్యసమూహమునకుఁ గుతప మని పేరిడెను. శార్ఙ్గదేవుఁ డుత్తమవృందమున ముఖ్యగాయకులు 4, సహగాయకులు 8, గాయనులు 12, వేణువు నూఁదువారు 4, మార్దంగికులు 4 ఉండవలె ననెను. అనఁగా 32 మంది. ఇంతమంది చేరినచోట శ్రుతి గూర్చుకొనుటయే యొక పెద్ద పని. అందువలననే భరతుఁడు పూర్వరంగమున మొదటి తొమ్మిదంగములను దెఱలోపలనే పెట్టెను. వాద్యములు దెచ్చి యునుచుట ప్రత్యాహారము. గాయకులు కూర్చుండుట యవతరణము. పిదప గొంతు సవరించుకొనుట, తంత్రులు బిగించుట, చేతులు మర్దెలపై నాడించి చూచుకొనుట, తంత్రీవాద్యములును జర్మవాద్యములును గలిసి మ్రోఁగుట. తెఱ తీసిన తరువాత నాంది మున్నగు నంగములు నడచి, తుదకుఁ ద్రిగత మను నంగము వచ్చును. అందు సూత్రధారుఁడును బారిపార్శ్వికుఁడును మాటలాడుచుండఁగా విదూషకుఁడు నడుమఁ జొచ్చి సందర్భము లేని మాటలాడి సూత్రధారుని చిఱునవ్వు నవ్వించును. ఇంత శ్రద్ధతో శ్రుతి గూర్చి, దేవతల నర్చించి, లయ నిలిపినది యెందులకు? మొట్టమొదటి నవ్వు రాకమునుపే వినువారి చెవి సిద్ధమై యుండవలయునని. విదూషకుఁ డాదియందుఁ గాక చివరఁ బ్రవేశించుట యాకస్మికము గాదు.

ఐరోపా వాద్యవృందములవా రీ క్రమమును దలక్రిందుగాఁ ద్రిప్పి చూపిరి. ఆస్ట్రియాదేశస్థుఁడగు హైడన్, మతిమఱపు మనుష్యునిఁ గూర్చిన యొక నాటకమునకై కూర్చిన సంగీతమును 1774లో నాఱుఖండముల సింఫనీగా వెలయించెను. అది యాయన సింఫనీలలో 60వది. దాని చివరిఖండము వేగముగా నారంభమైన కొలఁదిసేపటికే యాఁగిపోవును; వయొలిన్‌వారు తమ తంత్రి యొకటి శ్రుతిలో లేదని యప్పుడే గుర్తు వచ్చినట్లు సభలోనే దానిని బిగించి సవరించుకొందురు; పిదప నేమియు జరుగనట్లు వాదన సాగును. భరతుఁడు తెఱలోపల దాఁచిన పనిని హైడన్ తెఱముందునకుఁ దెచ్చెను. నాటకమందలి మతిమఱపు మనుష్యుఁడు వృందమునందే ప్రవేశించినాఁడన్నమాట. మోత్సార్ట్ 1787లో రెండు కొమ్ములకును దంత్రీవాద్యములకును గూర్చిన సంగీతపరిహాస మను కృతి యింకను గట్టిది. అందుఁ గొమ్ములవారు తప్పుస్వరముల నూఁదుదురు. వయొలిన్‌వాఁడు తన నేర్పు చూపఁబోయి మేళమును దప్పి మింటికెక్కును. ముగింపున నొక్కొక్కరొక్కొక్క శ్రుతిలో నిలిచిపోవుదురు. శాస్త్రము చాలని రచయితలపై నది వెక్కిరింత. ఆ తప్పులలో నొక్కటియుఁ దప్పుగాఁ బడినది గాదు. ఫ్రెంచిదేశస్థుఁడు కామీల్ సాఁ-సాన్స్ 1886లో రచించిన జంతువుల యుత్సవమున, నొఫెన్‌బాక్ కూర్చిన పరుగులనాట్యపు వరుసను మిక్కిలి విలంబకాలమున వాయించి తాఁబేలని పేరు పెట్టెను. బెర్లియోజ్ గంధర్వకాంతల నాట్యమున కుంచిన తేలిక వరుసను మందరవాద్యమగు డబుల్‌బేస్‌కుఁ దగిలించి యేనుఁగనెను. సరళివరుసలు సాధకము చేయు పియానోవిద్యార్థులను సహితము జంతువుల వరుసలోనే నిలిపెను. తన గంభీరరచనలకు మచ్చ వచ్చునేమో యను భయముచేతఁ గాఁబోలు, హంస యను నొక్క ఖండమును దక్క మిగిలినదానిని బ్రదికియుండఁగాఁ బ్రకటింపనీయలేదు. ఆయన 1921లో గతించెను. గ్రంథము 1922లో నచ్చుపడెను. నవ్వుఁ జూచి భయపడు పండితులు మనదేశముననే యున్నారనుకొన నక్కఱలేదు.

అయిన నొక ప్రత్యుదాహరణము చెప్పక తప్పదు. అనుకృతి యంతయు హాస్యము గాదు. ముత్తుస్వామిదీక్షితులు ఇంగ్లీషుబ్యాండుల వరుసలకు సంస్కృతసాహిత్యముఁ గూర్చిన నోటుస్వరములు సంగీతలోకమునకు సుపరిచితములు. ఇంగ్లీషువారి రాజగీతపు వరుసకు సైత మాయన దేవతాస్తుతి నమర్చెను. వరుస పరులది, ఫణితి పరులది. నవ్వు మాత్రము లేదు. ఏల యనఁగా నందుఁ బ్రకృతివికృతుల పోటీ లేదు. వచ్చిన వరుసను వచ్చినట్లు గ్రహించి భక్తికి వినియోగించుట యది. హాస్యమునకుఁ గావలసినది యనుకృతిమాత్రము గాదు, అనుకృతిలో నెడము. ఆ యెడ మెంత యుండవలయు నన్నదియే విద్య.

ఇప్పుడు లేపాక్షికి రావలయును. హిందూపురమునకుఁ దూర్పున సుమారు 15 కిలోమీటర్ల దూరమున నున్న యా గ్రామమందలి వీరభద్రాలయము విజయనగరప్రభువగు నచ్యుతదేవరాయల కాలమున, అనఁగా 1529-1542 నడుమ, విరూపణ్ణ వీరణ్ణ యను నన్నదమ్ములచేఁ బెంపొందింపఁబడినది. విరూపణ్ణ పెనుగొండరాజ్యమునఁ గోశాధికారి యనియు, రాజధనమును గుడికి వెచ్చించెనను నభియోగముఁ జెవిఁ బెట్టి తన కన్నులఁ దానే పెఱికి గోడకుఁ గొట్టెననియు జనశ్రుతి గలదు. కల్యాణమంటపము నేఁటికి నసంపూర్ణముగా నున్నందున నా కథ నిలిచినది. నాట్యమంటపము మాత్రము సంపూర్ణము. దాని నడిమి బయలు చుట్టునున్న స్తంభములపై నొక దివ్యవృందము చెక్కఁబడి యున్నది. రంభ యాడుచున్నది, బ్రహ్మ మృదంగము వాయించుచున్నాఁడు, తుంబురుఁడు వీణ పట్టినాఁడు, నందికేశ్వరుఁడు చర్మవాద్యముతో నిలిచినాఁడు. వారి నడుమ నాట్యాచార్యుఁడై మూఁడుకాళ్ల భృంగి యాడుచున్నాఁడు.

భృంగి కథ పౌరాణికులకుఁ దెలిసినదే. శివునకు మాత్రమే ప్రదక్షిణముఁ జేసి పార్వతిని విడిచినందున నామె కోపించి యతని రక్తమాంసములఁ దీసివేసెను. ఎముకలగూడై నిలువలేక తూలుచున్నవానికి శివుఁడు మూఁడవకాలిచ్చెను. ఇట్టి యస్థిపంజరమును రంభకు నాట్యగురువుగా నిలుపుటకు శిల్పి కేల బుద్ధి పుట్టెను? అప్సరసల సౌందర్యమునకుఁ బ్రక్కన నింతకంటె వికృతమగు నంగము దొరకదు. వికృతాంగము హాస్యవిభావ మని ముని చెప్పియుండెను గదా. అంతకంటె ముఖ్యమైన మాట యొకటి గలదు. భరతుఁడు రసములకు దేవతలఁ జెప్పునపుడు శృంగారమునకు విష్ణువును, హాస్యమునకుఁ బ్రమథులను జెప్పెను. భృంగి ప్రమథగణములోనివాఁడు. కావున లేపాక్షి మంటపమున నతఁడు నిలుచుట హాస్యరసమున కధిదేవతాస్థానమున నిలుచుటయే. శిల్పి నాట్యశాస్త్రమును జదివెనో, పెద్దలవలన వినెనో, శాస్త్రజ్ఞు లెవరైన నతనికిఁ జెప్పిరో. చెక్కినది మాత్రము శాస్త్రసమ్మతముగాఁ జెక్కెను. భృంగి బ్రహ్మమృదంగమున కెదురుగా లయ దప్పి యాడుటలేదు. వృందముతోఁ గలిసియే యాడుచున్నాఁడు. తాళము చతురశ్రము, త్ర్యశ్రము నని ద్వివిధమని ముని చెప్పినందున మూఁడుకాళ్లవానికి త్ర్యశ్రము సహజముగా నబ్బినదని పరిహాసముగా ననవచ్చును.

ఈ భృంగినే గూర్చి ప్రాచీన సుభాషితసంకలనములం దొక మంగళశ్లోకము గలదు. కుమారస్వామి పుట్టెనన్న వార్త విని భృంగిరిటియుఁ జాముండయు నానందము పట్టలేక యొకరినొకరు కౌఁగిలించుకొనఁగా, ఇరువురు నెముకలగూళ్లే యగుటచే నా యెముకల రాపిడిమ్రోఁత దేవదుందుభిధ్వనిని మించెనని దాని తాత్పర్యము. ఇది వాద్యవృందముపైఁ జేసిన పరిహాసము. దుందుభి మ్రోఁగవలసిన శుభవేళ నెముకలు మ్రోఁగినవి. అయినను మంగళమే జరిగినది. దుందుభి యెట్లు మ్రోఁగునో యెఱుఁగనివానికి నా శ్లోకమున నేమియు లేదు.

పెనుగొండ మాట వచ్చినది గావున నచ్చటి రాజ్యమునకు సంబంధించిన సంగీతశాస్త్రచర్చ నొకదానిఁ జెప్పవలయును. 1565 నాఁటి యుద్ధమున విజయనగరము పాడుపడిన పిదప రాజధాని పెనుగొండకు మాఱెను. దానికిఁ బదునైదేండ్లకు ముందే, 1550లో, అళియరామరాయల యానతిని రామామాత్యుఁడు స్వరమేళకళానిధిని ముగించి యుండెను. అందు రాగములను నుత్తమ మధ్యమాధమములుగా విభజించి, యధమరాగములు పామరులను భ్రమింపఁజేయు నవియే గాని ప్రబంధములకుఁ దగవని త్రోసివేసెను. తరువాతి శతాబ్దిలోఁ దంజావూర వేంకటమఖి చతుర్దండిప్రకాశికను రచించి, యా రామామాత్యుని మేళవిభాగమునే పట్టుకొని యెగతాళి చేసెను. సంగీతశాస్త్రగ్రంథములలో నంతటి వెక్కిరింత మఱియొకటి కానరాదు. ఆ వేంకటమఖియే కల్యాణి తురుష్కులకుఁ బ్రియమనియుఁ, బంతువరాళి పామరులకుఁ బ్రియమనియుఁ జెప్పి, యవి గీతప్రబంధములకుఁ దగవని త్రోసిపుచ్చెను. నేఁడు కల్యాణి లేని కచేరీ యరుదు. పంతువరాళి విద్వాంసుల ముఖ్యరాగములలో నొకటి. భర్తృహరి చెప్పిన రెండవమాట యిచ్చటఁ బనికివచ్చును. అపభ్రంశము పరంపరగా వాడుకలో స్థిరపడినచో నదియే యర్థమును దెలుపును. సాధుశబ్దమే వాచకశక్తిఁ గోల్పోవును. ఒకనాఁడు పండితుఁడు నవ్విన వరుస మఱునాఁడు పండితునిచేత నేర్పఁబడును. కావున హాస్యమున కాధారమగు ప్రకృతి శాశ్వతము గాదు. దానిఁ గాపాడువా రుండవలయును.

ధర్మవరమున నీ కాపుదల రెండు త్రోవలఁ ద్రొక్కినది. మొదటిది నాటకశాల. ఆంధ్రనాటకపితామహుఁడని ప్రసిద్ధి కెక్కిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు 1853లో నీ యూరనే జన్మించి, బళ్లారిలో న్యాయవాదిగా నుండి, సరసవినోదినీసభను నడపి, 1912లో గతించెను. తెలుఁగునాటకమునఁ బాటను విరివిగాఁ బ్రవేశపెట్టినవా రాయనయే. విషాదాంతమైన నాటకమును రచించిన యాయన పేరు హాస్యమును గూర్చిన వ్యాసమున వచ్చుట వింతగాఁ దోఁపవచ్చును. కాని పద్యమును రాగముతోఁ జదువుట, హార్మోనియము శ్రుతిపైఁ బాత్రధారులు గొంతు విప్పుట, యను నలవాటు పల్లెపల్లెకుఁ బ్రాఁకుటకు నాఁటి నాటకసభలే కారణము. ఆ రాగము మితిమీఱి, చచ్చుచున్న పాత్రయు లేచి రాగము దీయు స్థితికి వచ్చినపుడు, గంభీరమే హాస్యమైనది. ఆచార్యులవారి మేనల్లుఁడగు బళ్లారి రాఘవ (1880-1946) ఆ ధోరణి నొల్లక సహజనటనకై పాటుపడెను. తలఁపక పుట్టిన హాస్యమున కిది యుదాహరణము. శార్ఙ్గదేవుని దోషులవంటిది, అనుకారుని వంటిది గాదు.

రెండవ త్రోవ తోలుబొమ్మలాట. ధర్మవరముమండలమున నిమ్మలకుంట గ్రామమున నీ విద్యవారు వసించుచున్నారు. తెలుఁగున బొమ్మలాట ప్రాఁతది. 13వ శతాబ్దినాఁటి పాలకురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రయందే దాని ప్రస్తావము గలదు. నిమ్మలకుంటవారు ఇంట మరాఠీ మాటలాడుదురు; తెఱవెనుకఁ దెలుఁగు పాడుదురు. నేర్చుకొన్న భాష గావునఁ గాఁబోలు, దాని వంకరలను వారు చక్కఁగాఁ బట్టుకొనిరి. మేఁకతోలును బలుచఁగా గీసి, రంగులు వేసి, కీళ్లు గట్టి, వెనుక దీపము వెట్టి యాడించు నీ యాటలో నటకులు వేఱు, గాయకులు వేఱు, వాదకులు వేఱు గారు. పుల్లలు పట్టినవారే పాడుదురు. కాళ్లకు గజ్జెలు గట్టికొని కాలిక్రింది చెక్కపలకను దొక్కి మ్రోఁగింతురు. స్త్రీపాత్రలకు స్త్రీలే గొంతు నిత్తురు. మృదంగము, తాళములు, హార్మోనియము తోడుగా నుండును. ఈ హార్మోనియము 19వ శతాబ్దిలో ఫ్రాన్సులోఁ బుట్టినది. గమకములు పలుకలేదని 1940లో నఖిలభారతరేడియోవారు దానిని బహిష్కరించి 1971 వఱకు దూరముగా నుంచిరి. ఆ ముప్పదియొక్క సంవత్సరములును బొమ్మలాటవారు దానిని విడువలేదు.

ఆట యారంభమున గణపతిస్తుతియు శారదాస్తుతియు నగును. పిదప జుట్టుపోలిగాఁడును, వాని భార్య బంగారక్కయు, వారి నడుమ దూఱు కేతిగాఁడును వత్తురు. భరతుని పూర్వరంగమును జదివినవారికిఁ ద్రిగతము వెంటనే స్ఫురించును: నాంది యైనది, మువ్వురు చేరిరి, సందర్భము లేని మాటలు పుట్టినవి. ఇది సాక్షాత్సంప్రదాయమో కాకతాళీయమో యను చర్చ వేఱు. అంగములు నిలిచిన క్రమము మాత్ర మొక్కటియే. కథ నడుచుచుండఁగా నడుమనడుమను వీరు మరల వత్తురు. రాముఁడును రావణుఁడును గంభీరముగాఁ బాడి తెఱనుండి తొలఁగఁగానే, అదే శ్రుతిపై, అదే మృదంగముపై, కేతిగాని కూఁత వినఁబడును. ఇంద్రజిత్తు యుద్ధమున నుఱుమువలె మ్రోఁగిన చెక్కపలకయే కేతిగాని వీఁపుదెబ్బకును మ్రోఁగును. హాస్యమునకు వేఱు వాద్యము లేదు. మధ్యమపంచమములను రెండు రసములకును నొక్కటిగాఁ జెప్పిన ముని మాట యిచ్చటఁ బలకలోను బాదములోను గానవచ్చుచున్నది. బొమ్మ తూలుచున్నప్పుడు మృదంగము తూలరాదు. తూలినచోఁ బ్రేక్షకునకుఁ దూలుట తెలియదు. కేతిగాఁడు తాళమును విఱుచునపుడు దానిని విఱువక పట్టియుండువాఁడు మార్దంగికుఁడే. ఆ మేళమున నెక్కువ లయజ్ఞానము గలవాఁడు హాస్యఘట్టమునకుఁ గావలయును గాని యుద్ధఘట్టమునకుఁ గాదు.

ఈ ఘట్టము లశ్లీలములనియు, రామాయణమునకుఁ గళంకములనియు వానిని దీసివేయవలయుననియు వాదించువారు గలరు. అశ్లీలము లేదని చెప్పుట సత్యదూరము. బంగారక్క మాటలు బాలురపాఠశాలలోఁ జదువఁదగినవి గావు. భరతుఁడు సహితము నవ్వు నాఱువిధములుగా విభజించి స్మితహసితముల నుత్తములకును, అపహసితాతిహసితముల నధములకును జెప్పెను. కాని అధమమని చెప్పెను గాని లేదని చెప్పలేదు. లక్షణము వ్రాసి శాస్త్రమున నిలిపెను. మాటలను శుద్ధి చేయవచ్చును. వానితోఁగూడ హాస్యమేళమును దీసివేసినచోఁ బోవునది బూతు మాత్రము గాదు. బొమ్మలాటలోఁ బాడు రంగనాథరామాయణపు ద్విపద గోనబుద్ధారెడ్డి పేరిట గ్రంథముగా నున్నది. ఎవ్వరు పాడకున్నను జదువఁబడును. కేతిగాని మాట కప్పటికప్పుడు పుట్టుటయే స్వభావము; దానికిఁ దాళపత్రము లేదు. కేతిగాఁడెక్కడ ద్విపదను వంచునో, మృదంగమెక్కడ వానిని బట్టి నిలుపునో, పలక యెన్నవ యక్షరమునఁ బడునో, యవి స్వరతాళచిహ్నములతో వ్రాసికొనఁదగినవి. పాఠము పరిష్కరించునపుడు ప్రతులలోని లేఖకదోషములను సైతము వదలక యధోజ్ఞాపికల నెక్కించు పండితులు, బుద్ధిపూర్వకముగాఁ జేయఁబడిన యీ దోషములను వదలివేయుట యుచితము గాదు.

ఇందుఁ దడవు చేయఁదగదు. ద్విపదఫణితియు, రంగస్థలపద్యముల రాగములును వినువారికిఁ దెలిసినంతకాలమే కేతిగాని వంకర వంకరగా వినఁబడును. అవి చెవికి దూరమైనచో భర్తృహరి చెప్పిన గతియే పట్టును. వంకరయే వరుసయగును, నవ్వు పోవును. చలనచిత్రపు వరుసలను మాత్రమే యెఱిఁగిన బాలునకుఁ గేతిగాఁడు దేనిని వెక్కిరించుచున్నాఁడో తెలియదు. మఱియు నాట తగ్గినకొలఁది నిమ్మలకుంటవారు బ్రతుకుతెరువునకై యా తోలుతోనే దీపపుతొడుగులు, గోడకుఁ దగిలించు చిత్రములు చేయఁజొచ్చిరి. ఆంధ్రప్రదేశ తోలుబొమ్మలకు 2008లో భౌగోళికసూచి లభించినది. నిమ్మలకుంట కళాకారుఁడు దళవాయి చలపతిరావుగారికిఁ 2020లోఁ బద్మశ్రీ బిరుద మీయఁబడినది. ఈ రెండును సంతోషింపఁదగినవే. అయినఁ దోలును గీయు విద్య వేఱు, మేళమును నడపు విద్య వేఱు. తొడుగుపై హనుమంతుని వ్రాయుటకు మృదంగముతోఁ బని లేదు. పలకతోఁ బని లేదు. ఇంటిల్లిపాది కూడి రాత్రియంతయుఁ బాడవలసిన పనియు లేదు. మొదటివిద్యను బిల్లలు కూర్చుండి నేర్చుకొనుచున్నారు. రెండవది నేర్చుకొనుటకు ఆట యాడవలయును; ఆట యాడునపుడు పెద్దవారిలో నొకఁడు కేతిగాని పుల్ల పట్టి, మార్దంగికునివైపు చూచి, అరయక్షరము వేచి రావలయును.